తేరు తిరగాల్సిన మూల

నల్లమల కింద ఒక ఊళ్లో పాత గుడిని ఊరివాళ్లే చూసుకుంటున్నారనీ, చూడవచ్చినవాళ్లకు తిండీ పడకా తమ ఇళ్లలోనే ఇస్తున్నారనీ విని బయల్దేరాను. నిజం చెప్పాలంటే సగమే నమ్మాను. ఇలాంటివి బోర్డు మీద ఉన్నంత బాగా భూమ్మీద ఉండవు.

గుంటూరులో పొద్దున రైలెక్కితే పదిన్నరకు మార్కాపురం రోడ్డు. షేర్ ఆటోలో బస్టాండు, అక్కడినుంచి పెద్దారవీడు దాటి పోయే పల్లెవెలుగు బస్సు. పక్కన కూచున్న ముసలామె "ఏంది నాయనా, ఆ ఊళ్లో చుట్టాలున్నారా?" అంది. గుడి చూడ్డానికన్నాను. "అది మా పుట్టిల్లు. రేపు తేరు కదుల్తాది, శానా ఏండ్లకు. చూసిపో" అంది.

పన్నెండున్నరకు మరియమ్మ ఇంట్లో దిగాను. వంతుల ప్రకారం నాకా ఇల్లు వచ్చింది. గోడకు ఏసు పటం, పళ్లెంలో జొన్నరొట్టె, శెనక్కాయల పచ్చడి. "గుడి మాది కాకున్నా ఊరు మాదే గదన్నా. మీయట్లాటోళ్లు వస్తాంటే నాకు గుంటూరు దిక్కు కూలికి పోయే పని తప్పింది" అంటూ రెండో రొట్టె అడక్కుండానే వేసింది.

రెండింటికి తేరు వీధికి వెళ్లాను. ఇన్నాళ్లూ తేరుకు అడ్డమైన రేకుల పందిళ్లు వెనక్కు జరిపి, నేలంతా మార్కాపురం పలకరాయి పరిచారు. ఈ పనులకు పెద్ద, కిరాణా కొట్టు నడిపే రమణయ్య శెట్టి. ఎవరి దగ్గరా మొహమాటపడకుండా అందరి అరుగులూ కొట్టించినవాడు ఆయనే. ఇద్దరు మనుషులు తేరు ఇరుసంత పొడవున్న వెదురును అడ్డంగా పట్టుకుని నడుస్తున్నారు. అది ఎక్కడా తగలకపోతే తేరు పోతుందని లెక్క.

మలుపులో వెదురు టక్కున ఆగింది. తగిలింది యాత్రికుల కోసం కొత్తగా వేసిన రాతి బల్లకు. దాని మీద చెక్కిన పేరు రమణయ్య శెట్టి తండ్రిది. నాకు నవ్వొచ్చింది. పక్కనే ఉన్న శెట్టి మొహం చూశాక సిగ్గేసింది.

"వంకరగా పట్టినారు. మళ్ల పట్టండి" అన్నాడు. మళ్లీ తగిలింది.

"పోనీ తేరు ఈడికే ఆపుదాం మామా" అన్నాడు వెదురు పట్టుకున్నతను.

శెట్టి వంగి బల్ల మీది అక్షరాలు తడిమాడు. "ఈ మూలన చక్రానికి చెక్కలేసి తేరు తిప్పింది మా నాయనే రా. ఆయనెప్పుడూ తేరుకు అడ్డం పడినోడు గాదు. గడ్డపార తేండి."

మర్నాడు పది గంటలకు తేరు ఆ మూలకొచ్చింది. తేరు మలిగేట్టు చక్రం కింద చెక్క పెట్టింది శెట్టే. తేరు మూల తిరిగేసరికి, ఏ దేవుడికీ పెద్దగా మొక్కని నాకు కూడా కళ్లు చెమర్చాయి.

నాలుగు గంటల బస్సుకు రోడ్డు మీదికొస్తే, బస్సు ఆగేచోట వేపచెట్టు నీడన ఆ రాతి బల్ల వేసి ఉంది. నిన్నటి ముసలామె దాని మీద కాళ్లు చాపుకుని కూచుంది. "ఎవరి పుణ్యమో నాయనా, ఇన్నేండ్లూ ఈడ నిలబడే సచ్చినాం" అంది. బల్ల మీది పేరు చదివి వినిపించాను.

"ఓ, ఆయనా! ఆయన చక్రానికి చెక్క ఏస్తే తేరు చెప్పినట్ల తిరిగేది" అని కాళ్లు ముడుచుకుని నాకు చోటిచ్చింది. "ఇయాల గూడా ఆయనే తిప్పినాడనుకో."