ముందు తడుపు, తర్వాత కోత

చదువు అబ్బని పిల్ల అని ఇంట్లో ఖాయం చేశాక, ఆమెను మేనత్త దగ్గర కుట్టుపనికి కూర్చోబెట్టారు. అబ్బనిది చదువే గాని పట్టుదల కాదు. చేపట్టిన పని ఒక పట్టాన వదలదని, పెళ్లయ్యాక అత్తగారు ఆమెకు ఉడుం అని పేరు పెట్టారు. ఆ పిలుపులో మురిపెమే ఎక్కువ, ఎప్పుడో తప్ప.

కుట్టడం మొదలుపెట్టిన కొత్తలో పక్కింటి పాపకు కుట్టిన గౌను ఆమె పరువు తీసింది. నూలు బట్టను ఉన్నదున్నట్టు కత్తిరించి, కుట్టి, ఆ తర్వాత ఉతికింది. గౌను కుంచించుకుపోయి పాప భుజాలు దాటి దిగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అప్పటి నుంచి ఎంత తొందరున్నా ముందు తడుపు, తర్వాతే కోత.

ఇంకో దెబ్బ మొదటి మిషన్. వాయిదాల మీద కొంది. రెండు వాయిదాలు తప్పగానే షాపువాళ్లు వచ్చి, సూదిలో దారం ఉండగానే మోసుకుపోయారు. అప్పు మీద ఇంట్లోకి ఇక ఏ మిషనూ రాదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. మేనత్త ఇచ్చిన పాత మిషన్‌తోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది.

ఇప్పుడు పక్కవీధి బడి యూనిఫాంలు కుట్టే పని వచ్చింది. లోపలి అంచులు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేసి ఉండాలి. సోమవారానికి ఆ మిషన్ లేకపోతే పని ఇంకొకరి చేతికి పోతుంది. మిషన్ ఇరవై వేలు. షాపులో ఇరవై శాతం తగ్గింపు, పైగా రెండు వేల కూపన్. ఆమె దగ్గరున్నది పద్నాలుగు వేలు. ఇంట్లో లెక్క వేసుకుంటే సరిగ్గా సరిపోయింది. తీరా షాపుకు వెళ్తే బిల్లు పద్నాలుగు వేల నాలుగు వందలు అయింది. ఏడుపొచ్చింది. ఏడవకుండా ఇంటికి వచ్చేసింది.

“నాలుగొందలే కదే, ఎవరినైనా అడుగు,” అన్నారు అత్తగారు.

“నాలుగొందలైనా అప్పు అప్పే అత్తయ్యా. అసలు తేడా ఎక్కడొచ్చిందో తేలాలి.”

చెల్లెలు పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెబుతుంది. సంగతంతా విని నవ్వింది.

“దీన్ని మేం సంయుక్త ప్రమేయం అంటామక్కా. ఒక లెక్కలోంచి బయటికొచ్చింది తీసుకెళ్లి ఇంకో లెక్కలో వేయడం. వాళ్లు కూపన్ ముందు తీసేశారు. మిగిలిన పద్దెనిమిది వేల మీద శాతం కట్టారు. నువ్వు శాతం ముందు తీశావు, పదహారు వేలొచ్చింది, అందులోంచి కూపన్ తీశావు.”

“వరస మారితే అంత తేడానా?”

“నీకు తెలీదా? తడిపితే బట్ట ఎంతుంటే దాన్ని బట్టి తగ్గుతుంది. కోస్తే నీ టేపు చెప్పినంతే పోతుంది.”

“అయితే వాళ్లు కోసి తడిపారన్నమాట,” అంది అక్క.

మర్నాడు మళ్లీ షాపుకు వెళ్లింది. తగవు పెట్టుకోవాలనే బయల్దేరింది గాని, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని దారిలో తనకు తానే నచ్చజెప్పుకుంది. కౌంటర్ దగ్గర నిన్నటి కళ్లద్దాలాయనే ఉన్నాడు.

“అన్నయ్యగారూ, శాతం ముందు తీస్తారా, కూపన్ ముందు తీస్తారా?”

“ఏది ముందైతే ఏంటమ్మా? రెండూ తగ్గింపులే. ఎటు తీసినా ఒకటే.”

“ఒకటే అయితే శాతం ముందు కొట్టండి.”

ఆయన నవ్వుతూ కొట్టాడు. అంకె చూసి నవ్వు ఆపి, మళ్లీ కొట్టాడు. పద్నాలుగు వేలే వచ్చింది. వెనక నిలబడ్డవాళ్లు సణగడం మొదలుపెట్టారు. ఆమె కౌంటర్ మీది నుంచి చెయ్యి తీయలేదు.

“ఒకటేనని మీరే అన్నారు కదా,” అంది మెల్లగా.

ఆయన ఓనరు గది వైపు ఒకసారి చూశాడు. “అన్నాను. అన్నాక నిలబడాలిగా,” అని బిల్లు చింపి ఇచ్చాడు.

మిషన్ ఇంటికి వచ్చింది. ఒక కుట్టు వేసి చూపించమని అత్తగారు పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. ఆమె యూనిఫాం బట్టను బకెట్లో ముంచుతోంది.

“రేపు అత్తయ్యా. ముందు తడవనీండి.”

“ఉడుమే ఇది,” అన్నారు అత్తగారు.

చేతులు తుడుచుకుని వచ్చి, కొత్త మిషన్ సూదుల్లో దారాలు మాత్రం ఎక్కించింది. ఎక్కించి అలాగే వదిలేసింది. ఈసారి దాన్ని మోసుకుపోవడానికి ఎవరూ రారు.