అక్కయ్య గొంతు దాచిన పెట్టె

మొన్న మదురై బస్టాండులో ఆండిపట్టి బస్సు కోసం కూర్చుని, మొరాయిస్తున్న మా కంప్యూటరు సంగతి చెబుదామని ఆ కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. మనిషెవరూ ఎత్తలేదు. బీప్ శబ్దం వచ్చాక మీ సమస్యను మాటల్లో చెప్పండి అని ఒక తీయని ఆడగొంతు తమిళంలో అనేసరికి మా అక్కయ్య గుర్తుకొచ్చింది.

అక్కయ్యను ఆండిపట్టిలో, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే వ్యవసాయదారుల ఇంటికి ఇచ్చారు. గొంతులో పుండు లేచి, స్వరపేటిక తీసేయక తప్పదని మదురై డాక్టర్లు చెప్పినప్పుడు ఆమె ప్రాణం గురించి అడగలేదు, మనవరాలితో ఎలా మాట్లాడాలని అడిగింది. నేనప్పుడు కోయంబత్తూరులో మోటార్ల కంపెనీలో పనిచేస్తున్నాను. అక్కడెవరో చెప్పగా, మాట పోయినవాళ్ల కోసమే చేసే చిన్న కంప్యూటరు పెట్టె ఒకటి కొన్నాం. మీట నొక్కితే అది మాట్లాడుతుంది. తమిళం, ఇంగ్లీషు వచ్చుగాని మన తెలుగు రాదు. కావలసిన మాటలు ఆపరేషన్‌కు ముందే మన గొంతుతో నింపుకోవాలి. అందుకోసం కంపెనీ ఇంజనీరు ఇంటికే వచ్చాడు. ఆ రోజుల్లో అలా వచ్చేవారు, మాతోపాటు కూర్చుని అన్నం తినేవారు, మళ్లీ ఫోన్ చేస్తే పేరుతో గుర్తుపట్టేవారు.

మనవరాలి మీటలో అక్కయ్య, "తిన్నావా కన్నూ, ఇంకొంచెం ఏసుకో" అని చెప్పింది. బావను పిలిచే మీట దగ్గర మాత్రం ఆగిపోయింది. మా ఇళ్లలో ఆడవాళ్లు భర్తను పేరుపెట్టి పిలవరు, వంటింటి గుమ్మంలో నిలబడి గాజులు కదిపితే ఆయనే వస్తాడు. ఇంజనీరు ఎంత బతిమాలినా ఆమె నోరు విప్పలేదు, చివరికి మైకు దగ్గర చెయ్యి పెట్టి గాజులు గలగలలాడించి, సిగ్గుతో ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వు కూడా అందులో పడిపోయింది. తుడిచేస్తానని ఇంజనీరు అంటే బావ ఒప్పుకోలేదు.

కొన్నేళ్లు ఆ పెట్టే మా అక్కయ్య. బావను పిలిచే మీట నొక్కితే గాజుల చప్పుడు, దాని వెనకే ఆ నవ్వు వినబడేవి. ఒకనాడు అది మూగబోయింది. ఈలోగా కంపెనీ చేతులు మారింది, ఇంజనీరు ఎటు వెళ్లాడో తెలియలేదు. ఫోన్‌లో దొరికిన కుర్రాడు, పెట్టె ఎవరి పేర ఉందో వాళ్లే ఫోన్‌లో మాట్లాడి అది తమదేనని చెప్పాలన్నాడు. తమిళంలో నెమ్మదిగానే మొదలుపెట్టిన బావ కోపంలో తెలుగులోకి వచ్చేశాడు.

"ఆమెకి గొంతే లేదని కదా సామీ మీ పెట్టె కొనింది! ఆమె ఎట్ల మాట్లాడేది?"

ఎలాగో ఒప్పుకుని, పాతది పంపితే కొత్తది ఊరికే ఇస్తామన్నారు. మాటలన్నీ కొత్తదాంట్లోకి వచ్చేస్తాయా అని బావ మరీ మరీ అడిగాడు, వస్తాయన్నారు. కొత్త పెట్టె నిగనిగలాడుతూ వచ్చింది, మీటలన్నీ ఖాళీ. బావ కోయంబత్తూరు ఆఫీసుకు పరుగెత్తాడు. తిరిగి వచ్చిన పెట్టెలను విరగ్గొట్టేయడం తమ పద్ధతని వాళ్లు మర్యాదగానే చెప్పారు. అంత మర్యాదగా కడుపుకోత పెట్టవచ్చని నాకు ఆనాడే తెలిసింది.

ఆ తర్వాత అక్కయ్య మళ్లీ చేతి గాజులే కదిపేది. బావ వచ్చేవాడు. గాజుల చప్పుడు ఆగాక కూడా గుమ్మం దగ్గర ఒక్క క్షణం అలాగే నిలబడేవాడు. దేనికోసమో ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. మనవరాలి ఫోను గడగడా తెలుగు మాట్లాడుతుంది, తప్పు పట్టడానికి లేదు, కాని అది వేరే గొంతుతో తిన్నావా కన్నూ అంటే నేను లేచి అవతలికి వెళ్లిపోతాను.

మొన్న బస్టాండులో, ఫోన్‌లో బీప్ వచ్చింది. కంప్యూటరు సంగతి మరిచి ఫోన్ అలాగే చెవికి ఆనించుకున్నాను. మీరు ఏమీ చెప్పలేదు, ధన్యవాదాలు అని ఆ ఆడగొంతు ఫోన్ పెట్టేసింది.