ఒరకి వేరే గ్లాసు

నా మిత్రుడు అద్దంకిలో పత్తి మిల్లు గుమాస్తా. ఎనభైల్లో అద్దె పుస్తకాల షాపుల్లో హత్యల నవలలకి మంచి గిరాకీ. అతను రాసి పంపినవి రెండు తిరిగొచ్చాయి. మూడోదీ తిరిగొస్తే ఇక కలం ముట్టనని భార్యకి మాటిచ్చాడు.

మూడో నవలలో హంతకుల రహస్య సోదర సంఘం ఉంది. అందరి పైన పెద్దకత్తి. అతని కింద ఇద్దరు నడిమికత్తులు, వాళ్ల కింద చిన్నకత్తులు. అట్టడుగున ఒర. ఒర ఎవర్నీ చంపడు. అందరి కత్తులూ మోస్తాడు, నెత్తురు కడుగుతాడు. అయినా అందరూ అన్నదమ్ములమని నిప్పు మీద ప్రమాణం చేసినవాళ్లే.

నేను దేవుడు లేడనీ కులం పోవాలనీ ఊరూరా వాదించి వచ్చేవాణ్ని కనక, తప్పులు పట్టమని రాతప్రతి నాకిచ్చాడు. మర్నాడు మిల్లులో పత్తి బోరేల మీద కూర్చుని మొదలుపెట్టాను.

"పెద్దకత్తి చస్తే వాడి కొడుకే పెద్దకత్తా? హంతకులకీ వంశపారంపర్యమేనంట్రా?"

"కథరా బాబూ. నీ ఉపన్యాసం కాదు."

"సరే, ఈ పేజీ చూడు. గుహలో అందరూ టీ తాగుతున్నారు. ఒర మాత్రం బయట నిలబడి, చూరులో దోపిన గ్లాసు తీసుకున్నాడు. గుహకి చూరెక్కడిదిరా?"

నవ్వుతాడనుకున్నాను. ఆ పేజీ రెండుసార్లు చదువుకున్నాడు. అలా రాసినట్టు అతనికే తెలియదు.

"మనం రోజూ టీ తాగే కొట్టుకి చూరుంది. అందులో మాలపల్లె వాళ్లు తాగి, కడిగి దోపిన గ్లాసులున్నాయి," అన్నాడు. "ఏళ్ల తరబడి నా పక్కనే కూర్చుని తాగుతున్నావు. నా గుహలో కనపడ్డ గ్లాసు అక్కడ నీకెందుకు కనపళ్లేదు?"

సభల్లో ఎందరి నోళ్లో మూయించినవాణ్ని. ఆ రోజు మిగతా తప్పులు పట్టకుండానే లేచొచ్చాను.

బెజవాడ ప్రచురణకర్త పెట్టిన గడువు ఆ మర్నాడే. అయినా అతను ప్రతి పంపకుండా తిరగరాయడానికి కూర్చున్నాడు. కొత్త ముగింపులో సంఘానికి పెద్ద ఒరే. కత్తులన్నీ ఉన్నది వాడి దగ్గరే కదా.

గడువు దాటి చేరిన నవల విప్పకుండానే తిరిగొచ్చింది. అతను మాట తప్పలేదు, మళ్లీ రాయలేదు. పాపం నాదేనని నాకు తెలుసు. అతను మాత్రం ఒక్కసారీ అనలేదు.

కొట్టువాణ్ని మాకూ చూరులో గ్లాసే ఇమ్మన్నాం. ఇవ్వనన్నాడు. అప్పట్నుంచి మా టీ మిత్రుడి ఇంట్లోనే. తిరగరాసిన ఆ నవల మొత్తం చదివింది అతని భార్య ఒక్కతే. మొదటి రోజు టీ తెచ్చి మా ముందు పెట్టి అంది:

"పెద్దకత్తులిద్దరూ తాగాక గ్లాసులు కడిగి బోర్లించండి."