మీ తాతగారిలో నా కిడ్నీ

నా నడుం పక్కన ఆ గీత ఏంటని మొన్న వీడియో కాల్‌లో మీలో చిన్నది అడిగింది. ఆపరేషన్ మచ్చేనమ్మా. మీ తాతగారికి కిడ్నీ ఇచ్చినప్పటిది. బీపీ వల్ల ఆయనవి రెండూ పోయాయన్నారు. నాది సరిపోయింది, ఇచ్చాను.

రెండేళ్లు హాయిగా గడిచాయి. "ఏమే, నీ కిడ్నీ అచ్చం నీలాగేనే. తెల్లారకుండానే లేపేస్తోంది," అని ఏడిపించేవారు.

మూడో ఏడు ఆయన కాళ్లు వాచాయి. కాకినాడలో పరీక్ష చేసి, మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నారు. పోతోందంటే పెట్టాలి కదా అనుకున్నాను. డాక్టరుగారిని ఒక్క మాటైనా అడగకుండా మినుములు వేయించి, బెల్లం, నెయ్యి కలిపి సున్నుండలు చుట్టాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

"నన్ను బాలింతని చేసేశావే," అంటూనే తినేవారు.

వాపు తగ్గలేదు. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు ముందు నేనే నోరు తెరిచాను.

"నా సున్నుండల వల్లేనాండీ?"

"కాదమ్మా. అవి ఆపేయండి గానీ, ఇది తిండిలో ప్రోటీన్ కాదు. ఈయన ఎముకల్లోని మూలుగ చెడ్డ ప్రోటీన్ ఒకటి తయారుచేసి రక్తంలోకి వదుల్తోంది. అదెళ్లి మీరిచ్చిన కిడ్నీలో పేరుకుంది. ఈయన సొంత కిడ్నీలూ బహుశా దీనివల్లే పోయుంటాయి."

తర్వాత డాక్టరుగారు ఆయన వైపు తిరిగారు. "ప్రోటీన్ పోతుంటే మూత్రం నురగ కడుతుంది. మీకు ఎప్పట్నుంచండీ?"

మీ తాతగారు నా వైపు చూడలేదు. "దసరా నుంచండి," అన్నారు.

మేం కూర్చున్నది నడివేసవిలో. అన్ని నెలలూ ఆ నురగ నా కంట పడకుండా బాత్రూమ్‌లో బకెట్ నీళ్లు కుమ్మరించి వచ్చేవారన్నమాట. ఈ వయసులో ఇంత శుభ్రం నేర్చారని మురిసిపోయాను నేను.

ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొంచెం ముందొచ్చుంటే బావుండేదన్నారు. నా కిడ్నీ ఆగిపోయింది. మళ్లీ డయాలసిస్. చలికాలం రాకుండానే ఆయన వెళ్లిపోయారు.

ఫలితం విన్న రోజు తిరుగు బస్సులోనే అడిగాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "రామచంద్రపురం దాటేశామా?" అన్నారు. డయాలసిస్ మంచం పక్కన కూర్చుని ఇంకోసారి అడిగాను. "దుప్పటి కప్పవే, చలేస్తోంది," అన్నారు. కప్పాను. ఆయాసపడుతున్న మనిషిని మూడోసారి అడగలేకపోయాను.

నాకెందుకు చెప్పలేదండీ?