బీక్యా సెలవు

మా ఊళ్ళో నల్లా నీళ్ళు వదిలేది బీక్యా. ఊరు చిన్నగా ఉన్నప్పుడు ఆ పనికి నలుగురుండేవాళ్ళు. తర్వాత చుట్టుపక్కల పల్లెలూ తండాలూ మున్సిపాలిటీలో కలిశాయి, పత్తిచేలన్నీ కాలనీలయ్యాయి. ఊరు పెరిగిన కొద్దీ మనుషులు తగ్గారు. ముగ్గురు రిటైరైపోగా బీక్యా ఒక్కడే మిగిలాడు. వాల్వు తిప్పే పొడవాటి ఇనుప చావిని మోపెడ్‌కు కట్టుకుని పొద్దంతా గల్లీగల్లీ తిరుగుతాడు.

మా ఆడవాళ్ళకొక అలవాటుంది. నల్లా ఆలస్యమైతే మున్సిపల్ ఆఫీసుకు పోరు, బీక్యాను తిడతారు. అందులో నర్సమ్మది పెద్ద గొంతు. బీక్యా నవ్వుతూ పడతాడు. కడుపులో చల్ల కదలకుండా కూర్చున్న ఆఫీసుకు మాత్రం ఒక్క ఫిర్యాదూ చేరదు.

మొన్న శ్రావణంలో బీక్యా మొహం వేలాడేసుకుని మా గడప ముందు ఆగాడు.

"ఏమైందన్నా?" అన్నాను.

"తీజ్ పండుగ వనజక్కా. పెండ్లిగాని ఆడపిల్లలు బుట్టలల్ల గోధుమలు మొలకేసి నీళ్ళు పోస్తరు. ఆఖరు దినం ఆ మొలకలు నాయిన తలపాగల, అన్నదమ్ముల తలపాగల చెక్కుతరు. మా బిడ్డ రాజీకి పెండ్లి కుదిరింది, గిదే ఆఖరు తీజ్. నేనొక్కసారన్న పోలే. ఊరికి నీళ్ళు పోసుడే అయితాంది."

"సెలవు అడగకపోయినవా?"

"అడిగిన. నువ్వు పోతే నీళ్ళెవడు వదుల్తడన్నడు ఇంజనీరు సారు. ఇంకొక మనిషినియ్యిండ్రి అన్న. నీళ్ళు మంచిగనే వస్తున్నయ్ గద, ఎవరూ మొత్తుకుంటలేరు, ఇంకొకడెందుకు అన్నడు."

నాకు ఒళ్ళు మండింది. పక్కనే బిందె కడుగుతున్న నర్సమ్మ లేచింది.

"ఆ చావి ఇటియ్యి. నువ్వు మీ తండాకు పో. నువ్వు తిప్పంగ చూసీ చూసీ మాకు రాలేదా ఏంది?"

బీక్యా నెల్లికుదురు వైపు తండాకు వెళ్ళిపోయాడు. మర్నాడు మా పాట్లు చూడాలి. ఒక్కో వాల్వుకు ఇద్దరం ముగ్గురం వేలాడాం. తిప్పాల్సింది ఎడమకని ఒకామె, కుడికని ఇంకొకామె. నర్సమ్మ తన గల్లీకి ముందు వదులుకుంటే బొడ్రాయి గల్లీవాళ్ళు చీపుళ్ళతో వచ్చారు. ఎట్లాగో సాయంత్రానికి అన్ని గల్లీలకూ నీళ్ళు చేరాయి. మా చేతులు మాత్రం బొబ్బలెక్కాయి.

ఆ మర్నాడు బీక్యా తిరిగొచ్చాడు. తలపాగాలో పచ్చటి మొలకలు, మొహంలో పెళ్ళికళ. ఆ సంతోషం ఆఫీసు గుమ్మం దాకానే నిలిచింది. "చూసినవా? నువ్వు లేకున్నా నీళ్ళొచ్చినయ్. ఇంకొకడు కాదు, అసలు నువ్వే ఎక్కువైనవ్" అన్నాడట ఇంజనీరు.

సంగతి తెలిసి మేమంతా కదిలాం. ఆఫీసు గది నిండిపోయింది. నర్సమ్మ ఇనుప చావిని బల్ల మీద ధన్‌మని పెట్టింది.

"నిన్న బీక్యా పని మేం చేసినం సారూ. హాజరు వేసుకో."

ఇంజనీరు తెల్లబోయాడు. "ఒక్కని పనికి ఇంతమందా?"

"గదే మేమంటున్నది" అంది నర్సమ్మ.

ఓ పక్కన నిలబడ్డ బీక్యా తన తలపాగాలోంచి కొన్ని మొలకలు తీసి నర్సమ్మ కొప్పులో పెట్టాడు. "గివి సొంతోళ్ళకిచ్చేటియి అవ్వా" అన్నాడు. ఎన్నడూ మాట తడబడని నర్సమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

మర్నాడు నల్లా ఆలస్యమైంది. నర్సమ్మ బీక్యా వైపు కూడా చూడకుండా ఖాళీ బిందెతో నేరుగా ఆఫీసుకు పోయి, మెట్ల మీద నిలబడి తిట్లు అందుకుంది. ఆ తర్వాత ఎప్పుడు ఆలస్యమైనా అంతే. చివరికి ఇంజనీరు పరేషానై పైవాళ్ళ వెంటపడితే, చత్రు అనే రెండో మనిషి వచ్చాడు.

ఇప్పుడు బీక్యాకు వారానికో సెలవు. అయినా మొన్న నా దగ్గర దిగులుగా అడిగాడు.

"వనజక్కా, నర్సమ్మవ్వ నన్ను తిట్టక శానా దినాలాయె. నా మీద కోపమొచ్చిందా ఏంది?"