బంపరు మీద బరువు

నెల్లికుదురు చుట్టుపక్కల ట్రాక్టరు నడపడంలో మొగిలిని మించినవాడు లేడు. ఈ మాట మొదట అన్నది మొగిలే. ముప్పై ఏళ్లుగా అంటున్నదీ ఆయనే.

కిందటేడు తండాలో ఉండే చాందీ కొత్త ట్రాక్టరు కొని, ఆయన్ని డ్రైవరుగా పెట్టుకుంది. సీటు పక్కన లివరు ఎత్తితే ముందు చక్రాలు కూడా లాగే బండి అది. మొగిలి దాన్ని చూసి మూతి తిప్పాడు. లివరు వేసేవాడు డ్రైవరే కాదట. తాను ఏనాడైనా దాన్ని ముట్టుకుంటే మర్నాడు స్టీరింగు చాందీకే ఇచ్చేస్తానని హోటలు ముందు పదిమందిలో అనేశాడు. చాందీ అప్పటికే పొలంలో దున్నడం నేర్చుకుంది. గుట్ట మీదున్న తండాకు ఎక్కే గట్టు దారిలో మాత్రం మొగిలి ఆమెను సీటు ఎక్కనివ్వడు. ఆ సీటు పోతే ఆయనకు ఇంకేం మిగులుతుంది చెప్పండి?

తండాలో చాందీ కట్టుకుంటున్న ఇంటికి ఇటుకలు చేర్చే రోజు వచ్చింది. తెల్లవారుజామున వాన పడి గట్టంతా జారుడు. నిండు ట్రాలీతో ఎక్కితే ట్రాక్టరు ముందు భాగం లేస్తుంది కాబట్టి, బంపరు మీద ఒక మనిషిని బరువుకు కూర్చోబెట్టడం మొగిలి అలవాటు. ఎప్పుడూ కూర్చునే కూలీ ఐలమ్మ ఇటుకలు దించడానికి ముందే పైకి పోయింది. అందుకని ఆ రోజు చాందీ కూర్చుంది.

సగం ఎక్కాక వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. మొగిలి అటూ ఇటూ చూశాడు. దారిలో ఎవరూ లేరు. మెల్లగా లివరు ఎత్తాడు. బండి బుద్ధిగా పైకెక్కింది.

పైన ఐలమ్మ మెచ్చుకుంది, మొగిలి మీసం దువ్వాడు. బరువుకు కూర్చోబెట్టిన మనిషికి కళ్లు కూడా ఉంటాయని పాపం మరిచిపోయాడు. లివరు ఎత్తగానే ముందు టైర్లు గోకిన బురద చాందీ చెంప మీదే పడింది. ఆమె తుడుచుకుని, ఇటుకలన్నీ దించేదాకా ఆగి, దగ్గరికొచ్చింది.

“కాకా, రేపు నువ్వు ముంగట కూసో.”

మర్నాడు చాందీ సీటెక్కి, గట్టు మొదట్లోనే లివరు ఎత్తింది. బురద మొగిలి మీసం నిండా పడింది. బండి ఒక్కచోట కూడా తడబడలేదు. ఆయనకు కోపం రావాలి, కానీ ఆ పిల్ల క్లచ్చి వదిలే తీరుకు ముచ్చటేసింది.

పైన ఐలమ్మ బుగ్గన వేలేసుకుని, ఇదేం చోద్యమని అడిగింది. కాకకు నడుం నొస్తుందని చాందీ సర్దిచెప్పబోయింది.

మొగిలి మీసం తుడుచుకున్నాడు.

“నడుం లేదు, ఏం లేదు. మొన్న దాక కొట్టిన గొప్పలన్నీ ఇడిసెయ్. నిన్న నేను గూడ లివర్ ఏసిన,” అన్నాడు.