నర్సీపట్నంలో నేను రేబిస్ కనిపెట్టిన రోజు

ఒక శుభోదయాన, కాఫీ కూడా తాగి, పూర్తి స్పృహలో ఉండి, ఒక కుక్కనీ ఒక ఇడ్లీ బండినీ ఒక స్టీలు గరిటెనీ నేను ఎలా ముంచానో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం నేను పట్టుకున్న గేటు కూడా నాతోపాటు వణికింది.

అప్పటికి నేను నర్సీపట్నం సర్కారీ జంతు ఆశ్రయంలో కొత్తగా సీనియర్ డాక్టర్ని. కొత్తగా సీనియర్ అంటే కుర్చీ అదే, ఫ్యాను అదే, అది తిరగకపోవడమూ అదే. బోర్డు మీద పేరు ముందు ఒక మాట పెరుగుతుంది. ఆ రంగు ఆరేలోపే మాట తలకెక్కుతుంది. నాకూ ఎక్కింది.

వీధికుక్కల్ని తెచ్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, కుట్లు మానాక ఏ వీధి కుక్కని ఆ వీధిలోనే వదిలెయ్యడం మా ముఖ్యమైన పని. అలా వచ్చినవాడే బుజ్జోడు. గోధుమరంగు కుక్క, బస్టాండు దగ్గర సత్యవతమ్మ ఇడ్లీ బండికి కాపలా. కుట్లు చక్కగా మానాయి. ఇంటికి పంపే ముందు నులిపురుగుల మాత్ర ఒక్కటి వేస్తే చాలు. ఆ ఒక్కటే వాడు మింగడు. పెరుగన్నంలో పెడితే అన్నమంతా నాకేసి, మాత్రని కంచం అంచున కడిగిన ముత్యంలా వదిలేశాడు.

మా అటెండరు అప్పలనాయుడు కిసుక్కున నవ్వాడు. "మేడమ్ గారండీ, ఈడు మనల్నయినా మింగుతాడు గానీ మాత్ర మాత్రం మింగడండి."

సీనియర్‌ని పట్టుకుని అంత మాట అంటాడా? రేపు చూసుకో అన్నాను.

మర్నాడు పొద్దున్నే మావారు లేవకముందే వంటింట్లో దూరాను. బెల్లంపాకం పట్టి, వేరుశనగ పలుకులు వేసి, మధ్యలో మాత్ర పెట్టి ఉండ చుట్టాలని నా ఆలోచన. పాకాన్ని తీగ దగ్గర దించాలట. నేను ఫోనులో డాక్టర్ల గ్రూపు చూస్తూ ఉండగా అది తీగ దాటింది, ఉండ దాటింది, ఇటుక దగ్గరికి వచ్చింది. అయినా కుక్కకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆశ్రయానికి వెళ్ళగానే బుజ్జోడి నోరు తెరిచి, ఉండ లోపలికి తోసి, మూతి మూసి, గొంతు నిమిరాను. గుటక వేశాడు. వాడి పన్ను నా వేలికి గీసుకుంది, పట్టించుకోలేదు.

"చూశావా అప్పలనాయుడూ? చదువంటే ఇదీ!" అని చెప్పి, గొలుగొండ రోడ్డులో గోతిలో పడ్డ దూడ ఉందంటే జీపెక్కాను.

తిరిగి వచ్చేసరికి అప్పలనాయుడు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"బేగి రండి మేడమ్ గారూ! బుజ్జోడు తేడాగా ఉన్నాడండి."

"తేడా అంటే?"

"నోరు మూయడండి. ఒకటే సొల్లు. మొరగబోయి, మా మావ గురకలాగ గరగరమంటన్నాడండి."

పంజరం బయటి నుంచే చూశాను. నోరు సగం తెరిచే ఉంది. సొల్లు తీగలు సాగుతోంది. ముందు కాళ్ళతో మూతి గీరుకుంటున్నాడు. చన్నీళ్ళ గిన్నె తోస్తే మూతి పెట్టి, విదిలించుకుని వెనక్కి తగ్గాడు. పుస్తకంలో ఉన్న లక్షణాలన్నీ వరసగా నా ముందు నిలబడి ఉన్నాయి.

"దీని నోరు ముట్టుకున్నావా అప్పలనాయుడూ?"

"ఈ తువ్వాలుతో తుడిసానండి. ఈ తువ్వాలుతోనే నా మొకమూ తుడుసుకున్నానండి. ఏటండి?"

"రేబిస్‌లా ఉంది."

తువ్వాలు కింద పడింది. "నాను సచ్చిపోతానా మేడమ్?"

"పెద్దాసుపత్రికి వెళ్ళి ఇంజెక్షన్ వేయించుకో, ఏమీ కాదు. ఎవరితోనూ అనకుండా వెళ్ళు."

వెళ్ళాడు. రెండో మాట మాత్రం గేటు దగ్గరే వదిలేసి వెళ్ళాడు. టీ కొట్టుకీ, పంక్చరు షాపుకీ చెప్పుకుంటూ వెళ్ళాడని కాసేపటికే గేటు బయట చేరిన జనాన్ని చూస్తే తెలిసింది.

రేబిస్ వచ్చిన కుక్కకి మందు లేదు. విడిగా ఒక గదిలో పెట్టి, దాని ప్రాణం అదే పోయేదాకా చూడటమే. దాని నోట్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఇనుప తలుపున్న ఆ గదిలోకి వెళ్ళిన కుక్క నడిచి బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. బుజ్జోడు మాత్రం తోక ఊపుకుంటూ నడిచి వెళ్ళాడు. గడియ వేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అప్పుడే నా వేలి మీద గీత కనబడింది. మా వృత్తిలో వాళ్ళం ముందే టీకాలు వేయించుకుంటాం, ఇంకో రెండు వేయించుకుంటే సరిపోతుంది. అదంతా నాకు తెలుసు. కానీ భయానికి చదువు రాదండీ.

ఇంతలో సత్యవతమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. చేతిలో ఇడ్లీల క్యారేజీ.

"నా గుంటడేడీ డాక్టరమ్మా?"

"సత్యవతమ్మా, వాడికి ఒంట్లో బాగాలేదు. లోపలికి వెళ్ళకూడదు."

"నిన్న సాయంత్రం ఇక్కడికొత్తే నా సేత్తో ఇడ్లీ తిన్నాడు. ఇయ్యాల పిచ్చెలాగొచ్చింది?"

"ఆ రోగం అలాగే వస్తుందమ్మా."

"అయితే తలుపు తియ్యి. నాను సూత్తాను."

"తియ్యలేను. నిన్ను కరిస్తే నీ ప్రాణానికే ముప్పు."

ఆమె గడియ పట్టుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి ఆమే వదిలేసి మెట్టు మీద కూలబడింది.

"తెల్లారగట్ల ఒక్కదాన్నే పొయ్యి ఎలిగిత్తానమ్మా. ఈడు పక్కనుంటేనే నాకు దయిర్యం. పోనీ, పోయేముందు ఒక్క ఇడ్లీ అయినా పెట్టనీ."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మావారు.

"ఏమోయ్, పొద్దున మూకుట్లో ఏం చేశావు?"

"ఇప్పుడు కాదండీ!"

"గరిటె పట్టుకుని ఎత్తితే మూకుడు లేస్తోంది. మూకుడు ఎత్తితే స్టవ్వు లేస్తోంది."

"ఇక్కడ ప్రాణం పోతుంటే మీకు గరిటె కావాలా?"

"గరిటె సరే, వంటింటి నిండా చీమలు..."

పెట్టేశాను. ఏం మనిషండీ అనుకుంటూ కళ్ళు తుడుచుకుని ఆ గది కిటికీ వైపు తిరిగాను. గోడ మీద చీమలు. బారులు తీరి, పెళ్ళి భోజనానికి వెళుతున్నట్టు కిటికీ దాటి లోపలికి వెళుతున్నాయి. తొంగి చూశాను. బుజ్జోడి గడ్డం కింద సొల్లు మడుగు, దాని చుట్టూ పంక్తి.

రేబిస్‌కి చీమలు పడతాయని ఏ పుస్తకంలోనూ లేదే! ఊపిరి పీల్చాను. బెల్లం వాసన.

గరిటె, మూకుడు, స్టవ్వు మూడూ కలిసి నా తల మీద పడ్డాయి.

అయినా భయం వదలదు కదా. బెల్లమూ రేబిసూ రెండూ ఉంటే? చేతికి రెండేసి గ్లోవ్స్ తొడిగి, గడియ తీశాను. "నువ్వు రావొద్దు" అని సత్యవతమ్మతో చెప్పి, టార్చి పట్టుకుని వాడి ముందు కూర్చున్నాను. వాడు కరవాలనుకుంటే నా మొహం జానెడు దూరంలో ఉంది. నెమ్మదిగా పెదవి ఎత్తాను. పై దవడ పళ్ళకీ కింద దవడ పళ్ళకీ మధ్య, తాపీమేస్త్రి కట్టినట్టు, నా వేరుశనగ పాకం.

"వేణ్ణీళ్ళు! బేగి!" అని అరిచాను. కంగారులో నాకూ ఆ యాస వచ్చేసింది.

టీ కొట్టు నుంచి తెచ్చిన వేణ్ణీళ్ళు పోస్తూ, వేలితో కదుపుతూ, చెమటలు కక్కుతూ ఉంటే ఎట్టకేలకి ఆ ముక్క ఊడి కింద పడింది. బుజ్జోడు నోరు మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు. వీధి అదిరేలా ఒక్క మొరుగు మొరిగి, గిన్నెడు నీళ్ళు తాగేశాడు. అప్పుడు ఆ పాకం ముక్కలోంచి తెల్లగా, గుండ్రంగా, అంచు కూడా చెదరని మాత్ర బయటికి దొర్లింది. వాడు దాన్ని వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

సత్యవతమ్మ అప్పటికే లోపలికొచ్చి వాణ్ణి కావలించుకుంది. "అయితే నా గుంటడికి ఏ రోగం నేదా?"

"లేదమ్మా. వాడికి పట్టిన రోగం నేనే."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఆ పాకం ముక్కని చూసింది, నన్ను చూసింది, నవ్వలేక నవ్వలేక నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే అప్పలనాయుడు జబ్బ పట్టుకుని గేట్లోంచి వచ్చాడు. "మేడమ్ గారండీ, ఒక సూది అయిపోనాది. మిగిలినవి తరవాతటండి. అందాకా ఉంటానాండి?"

ఆ మూకుడూ గరిటే ఈనాటికీ విడిపోలేదు. మావారు వాటిని హాల్లో అద్దాల బీరువాలో పెట్టారు. చుట్టాలు అడిగితే, మా ఆవిడ ప్రమోషనుకి వచ్చిన షీల్డు అంటారు.

కాబట్టి చదువరులారా, స్టెతస్కోపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ పొయ్యి మీద మందు చెయ్యను, పాకం జోలికి పోను, చీమల్ని అడగకుండా ఏ రోగానికీ పేరు పెట్టను. మీరు నమ్మినా బుజ్జోడు నమ్మడం లేదు. ఇప్పటికీ నేను ఇడ్లీ బండి దగ్గర ఆగితే ఎదురొచ్చి తోక ఊపుతాడు, కాళ్ళకి రాసుకుంటాడు. నోరు మాత్రం తెరవడు.